గిన్నె పట్టుకుని పోయిండు

ఆ ఆదివారం పొద్దున్న గంగాధరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్మా తినాలి, కాఫీ తాగాలి, భార్య కుసుమకుమారిని బాల్కనీలో కుర్చీలో కూర్చోబెట్టాలి, తన ఆడియో నవల 'ఖాళీ గిన్నె' ఆఖరి అధ్యాయం ఆమెకి వినిపించాలి. ఇరవై రెండు నిమిషాల పని. ఆ ఇరవై రెండు నిమిషాలూ ఆమె నిద్రపోకుండా ఉంటే చాలు. ఆయన భయమంతా ఆ ఒక్క షరతు దగ్గరే. ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన రాసినదేదీ కుసుమ మూడో పేజీ దాటి మెలకువతో విన్న దాఖలా లేదు.

గంగాధరరావు తెనాలి నుంచి వచ్చి చైతన్యపురిలో జూనియర్ కాలేజీ తెలుగు లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. పదకొండేళ్ళు కూర్చుని ఒక మిస్టరీ నవల రాశాడు. అందులో హత్య లేదు, దొంగతనం లేదు, కనీసం గట్టిగా అరిచే మనిషి కూడా లేడు. ఒక ఊళ్ళో ఒంటరి పోస్టుమాస్టరు గుమ్మం ముందు ఎవరో పులిహోర గిన్నె పెట్టి వెళ్తారు. స్టీలు గిన్నె మీద చెక్కిన పేరు అరిగిపోయి ఉంటుంది. ఆ గిన్నె ఎవరిది? దొరికాక, గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి, అందులో ఏం పెట్టి ఇవ్వాలి? ఈ రెండు ప్రశ్నలతో ఆయన పది అధ్యాయాలు వీధివీధీ తిరుగుతాడు. తిరుగుతూ ఇవ్వడం గురించీ పుచ్చుకోవడం గురించీ తీరిగ్గా ఆలోచిస్తాడు. ఆఖరికి గిన్నె ఎవరిదో ఆయనకి తెలుస్తుంది, మనకి చెప్పడు. 'గిన్నె పట్టుకుని పోస్టుమాస్టరు వెళ్ళాడు' అన్న వాక్యంతో నవల ముగుస్తుంది.

ఆ పోస్టుమాస్టరు గంగాధరరావే. ఆ గిన్నె కుసుమ పుట్టింటిది. ఆ రోజు గిన్నె పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళడమే తన జన్మలో తను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అని ఆమెకి చెప్పాలన్నదే ఆయన కోరిక. నోటితో చెప్పేస్తే సరిపోయేది. కానీ క్లాసులో ప్రబంధాల శృంగారమంతా గుక్క తిప్పుకోకుండా చెప్పిన ఆ మనిషికి ఇంట్లో 'కూర బాగుంది' అనడానికి కూడా మొహమాటం. నోరు పెగలకే నవల రాశాడు.

రాశాక ప్రచురణకర్తలందరూ ఒకే మాట అడిగారు. "సార్, శవం ఏది?" చివరికి ఎల్బీ నగర్‌లో చిన్న గదిలో ఆడియో పుస్తకాల ఛానెల్ నడిపే అలేఖ్య అనే అమ్మాయి ఒప్పుకుంది. చదవడానికి ఆయన ఉండే అపార్టుమెంటు ఓనరు ఆండాలుని కుదిర్చింది. సరూర్‌నగర్‌లో తరతరాలుగా ఉంటున్న పాతకాపుల ఆడపడుచు ఆండాలు. ఆమె గొంతు వింటే ఏడుస్తున్న పిల్లలు ఆగి చూస్తారు. వారానికొకటి చొప్పున తొమ్మిది అధ్యాయాలు వెళ్ళాయి. పదోది శనివారం సాయంత్రం విడుదలైంది. గంగాధరరావు కావాలనే వినలేదు. భార్యతో కలిసి వినాలని దాచుకున్నాడు.

ఉప్మా వచ్చింది. దాని మీద నెయ్యి తేలుతోంది, జీడిపప్పు కూడా ఉంది. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో నెయ్యి దేవుడి దీపానికి తప్ప మనుషులకి లేదు.

"ఇవాళ ఏంటి విశేషం?" అన్నాడాయన.

"విశేషం ఏముంది? తినాలనిపించినప్పుడు తినాలి. ఎన్నాళ్ళుంటాం?" అంది కుసుమ. ఆమె కళ్ళు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి.

"కుసుమా, ఆఖరి అధ్యాయం..."

"వినేశాను. తెల్లవారుజామునే."

"నిద్ర రాలేదా?"

"నిద్రెలా పడుతుందండీ? ఎంత పని చేశారు! ఇలా కథలో పెట్టి చెప్పే బదులు నాకు నోటితో చెప్తే ఏం పోయేది?"

గంగాధరరావు చెవులు ఎర్రబడ్డాయి. అరవై ఏడేళ్ళ వయసులో సిగ్గు ఎటునుంచి వచ్చిందో వచ్చింది. "చెప్పలేకపోయాను. గుండెలోనే ఉండిపోయింది."

"గుండెలోనే అని నాకు మూడు రోజుల కిందటే తెలిసింది," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది ఆమె. "మీరు స్థిమితంగా కూర్చోండి. మెట్లు దిగకండి. నేను బాబా గుడికి వెళ్ళి నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసి వస్తాను."

మూడు రోజుల కిందట ఏం జరిగిందో గంగాధరరావుకి తట్టలేదు. మెట్లు ఎందుకు దిగకూడదో కూడా అర్థం కాలేదు. అయితే భార్యని ఏడిపించగలిగిన రచయిత అలాంటి చిన్నవిషయాలు పట్టించుకోడు. ఉప్మా బాగుందని చెప్పడం కూడా మరిచిపోయి, ఆమె వెళ్ళగానే ఫోన్ తీసి శ్రోతల అభిప్రాయాలు చదవడం మొదలుపెట్టాడు.

మొదటిది: 'అయ్యో, పోస్టుమాస్టరుని చంపేశారా! గిన్నె చేతిలో పట్టుకునే పోయాడు పాపం. మా ఇంటిల్లిపాదీ ఏడ్చాం.' గంగాధరరావు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. రెండోది: 'సుఖాంతం. మనసు చల్లబడ్డది.' మూడోది: 'పోయిండు సరే, యాడికి పోయిండు? రెండో భాగం ఎప్పుడు?' నాలుగోది: 'మా నాన్నగారికి నిద్రమాత్రలు మానిపించాం, ఈ కథ పెడుతున్నాం, ధన్యవాదాలు.' అయిదోది: 'పది వారాలు విన్నాక తేలిందేమిటంటే ఒక గిన్నె.' ఆరోది మళ్ళీ కన్నీళ్ళు: 'ఆ గిన్నె ఎవరిదో వాళ్ళకి ఇచ్చి పోయినా బాగుండేది.'

తను ఎవరినీ చంపలేదు. ఆ సంగతి తనకి ఖాయంగా తెలుసు. ఆఖరి నిమిషం పెట్టుకుని విన్నాడు. వాన వెలిసిన వీధిని ఆండాలు గొంతు ఎంత ప్రేమగా చదివిందో! చివరికి చిన్నగా ఊపిరి పీల్చి, లోలోపలి నుంచి వచ్చినట్టు అంది: 'గిన్నె వట్టుకొని పోస్టుమాస్టరు... పోయిండు.'

గంగాధరరావుకి అంతా అర్థమైంది. తెనాలిలో పుట్టిన చెవికి ఆ మాట ఎలా వినిపిస్తుందో తెలిసి ప్రాణం ఉసూరుమంది. కుసుమ ఏడ్చింది అందుకన్నమాట. తను ముప్ఫై తొమ్మిదేళ్ళు దాచుకున్న మాట ఆమెకి చేరలేదు, చావు కబురు చేరింది. చొక్కా వేసుకుని మెట్లన్నీ గబగబా దిగి ఆండాలు తలుపు కొట్టాడు.

"ఏమమ్మా ఆండాలు గారూ, నేను 'వెళ్ళాడు' అని రాస్తే మీరు 'పోయిండు' అన్నారేమిటి?"

"రెండు ఒకటే గద సారు," అంది ఆండాలు. "గంతసేపు చదువుతుంటె నోట్లకెల్లి అట్ల ఒచ్చేసింది. అలేఖ్య కూడ మస్తున్నదనె."

"మావాళ్ళందరికీ పోస్టుమాస్టరు చచ్చిపోయాడని వినిపించిందమ్మా!"

ఆండాలు నడుం మీద చెయ్యి వేసుకుంది. "సచ్చిపోతే సచ్చిపోయిండు అంట గద! మా దిక్కు మనిషి పోతే మల్ల ఒస్తడు సారు. మీ దిక్కు ఒకపారి పోతే ఇగ రానే రాడా?"

"మా కుసుమ కూడా అలాగే అనుకుంది," అన్నాడు గంగాధరరావు నేల చూపులు చూస్తూ. "తను వినాలనే రాశాను."

ఆండాలు ఆయన మొహం వంక ఒక్క క్షణం చూసింది. ఆ తర్వాత వాదించలేదు. "జర ఆగున్రి," అని లోపలికి వెళ్ళి స్కూటీ తాళాలూ, తన భర్త ధనరాజ్ హెల్మెట్టూ తెచ్చింది. "పాండ్రి. ఆ ఒక్క మాట మల్ల చదివొస్త."

గేటు దగ్గర గంగాధరరావు వాచ్‌మన్ జానయ్యకి రెండు మాటలు అప్పజెప్పాడు. "అమ్మగారు గుడి నుంచి వస్తే నువ్వే చెప్పు, నేను వెళ్ళానని. ఉప్మా చాలా బాగుందని కూడా చెప్పు." రెండో మాట ఎదురుగా చెప్పలేనిది కాబట్టి జానయ్య చేత చెప్పించడం సులువనిపించింది.

స్టూడియోలో ఆ ఒక్క మాట తీయడానికి గంట పట్టింది. నాలుగు గోడలకీ పరుపులు కట్టిన గదిలో ఫోన్లన్నీ ఆపేసి ఆండాలు మైకు ముందు కూర్చుంది. మొదటిసారి 'వెళ్ళిండు' అని వచ్చింది. రెండోసారి 'ఎల్లాడు.' అయిదోసారి 'వెళ్ళాడు' అని సరిగ్గానే వచ్చింది గానీ, పోస్టుమాస్టరు వెళ్ళడం ఆమెకి ఇష్టం లేనట్టు వచ్చింది.

"సార్, ఒక మాట చెప్తా ఏమనుకోకండి," అంది అలేఖ్య. "సగం మంది ఏడుస్తున్నరు, సగం మంది ఎప్పుడొస్తడని అడుగుతున్నరు. ఇంత మంచి ఎండింగ్ ఎవలు రాయలేరు సార్. అట్లనే ఉంచుదాం."

"కుదరదమ్మా," అన్నాడు గంగాధరరావు. తొమ్మిదోసారికి మాట కుదిరింది.

వాళ్ళు ఆ తంటాలు పడుతుండగా చైతన్యపురిలో ఇంకొక కథ నడుస్తోంది. కుసుమ తమ్ముడు సాంబమూర్తి ఎల్బీ నగర్‌లో ఉంటాడు. విద్యుత్ శాఖలో రిటైరైనా, ఎవరింట్లో ఏ కార్యం జరిగినా ఇప్పటికీ ఆయనే ఇన్‌ఛార్జి. పొద్దున్నే అక్క ఫోన్ చేసి, "మీ బావగారి గుండె బాగాలేదురా, నా దగ్గర దాస్తున్నారు," అని ఏడిస్తే మెట్రో ఎక్కి వచ్చాడు. గేటు దగ్గర జరిగిన సంభాషణని గంగాధరరావు తర్వాత జానయ్య నోటనే అక్షరం పొల్లుపోకుండా విన్నాడు.

"బావగారున్నారా?" అన్నాడట సాంబమూర్తి.

"సారు పోయిండు గద సార్."

సాంబమూర్తి గేటు ఊచలు పట్టుకున్నాడు. "ఎప్పుడు?"

"అర్ధగంట అయితుంది."

"ఎలా జరిగిందయ్యా?"

"ఏమో సార్, మంచిగనే ఉండె. ఒక్కపారి పరేషాన్ పరేషాన్ అయ్యిండు. ఆండాలమ్మనే బండి మీద ఎల్బీ నగర్ తీస్కపోయింది."

"మా అక్కకి తెలుసా?"

"అమ్మ గుళ్ళె ఉన్నది, తెల్వది. ఒస్తే నన్నే చెప్పమన్నడు."

"ఎవరు?"

"సారే. పోయే ముందు."

సాంబమూర్తి ఊచలు వదిలి దగ్గరికి జరిగాడు. "ఇంకేమన్నారు... పోయే ముందు?"

"ఉప్మా మంచిగుండె అని చెప్పమన్నడు."

ఆ మాటతో సాంబమూర్తి వాచ్‌మన్ స్టూలు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బావ అంటే ఆయనకి నిజంగానే ప్రాణం. అయిదు నిమిషాలు ఏడ్చాక ఇన్‌ఛార్జి మేల్కొన్నాడు. అక్క లేని వాట్సాప్ గ్రూపు చూసి చుట్టాలకి కబురు పెట్టాడు. బావని ఆసుపత్రి నుంచి తెచ్చేలోగా అన్నీ సిద్ధంగా ఉండాలని షామియానా వాడికి, కుర్చీల వాడికి, ఫ్రీజర్ బాక్స్ వాడికి ఫోన్లు వెళ్ళాయి. అక్కకి మాత్రం ఇలాంటిది ఫోన్‌లో చెప్పకూడదని ఊరుకున్నాడు. ఇక పోయినవాడికి ఫోన్ చేసి చూడాలన్న ఆలోచన ఎవరికైనా ఎందుకు వస్తుంది?

పదకొండు గంటలకి ఆండాలు స్కూటీ తిరిగి వచ్చేసరికి గేటు ముందు షామియానా, నలభై కుర్చీలు, తలలు వంచుకున్న జనం. బండి పార్క్ చేయడానికి ఆమె సెల్లార్‌లోకి వెళ్ళింది. అపార్టుమెంటు మీటింగ్ అనుకుని గంగాధరరావు హెల్మెట్ తీయకుండానే చివరి వరసలో కూర్చున్నాడు. ధనరాజ్ తల పెద్దది కావడంతో ఆ హెల్మెట్ ఆయన ముక్కు దాకా దిగి ఉంది.

"ఏమిటండీ విషయం?" అని పక్కాయన్ని అడిగాడు.

"302 ఫ్లాట్ గంగాధరరావు గారు," అన్నాడు పక్కాయన కళ్ళు ఒత్తుకుంటూ. "పొద్దున్నే పోయారు."

గంగాధరరావు ఉలిక్కిపడ్డాడు. లేచి నిలబడబోయాడు. సరిగ్గా అప్పుడే ముందు వరసలో 201 ఇంద్రాణి, "ఆయన నవల గురించి ఒక మాట చెప్పాలండీ," అంది. గంగాధరరావు మళ్ళీ కూర్చున్నాడు. చావు కబురు కాసేపాగి ఖండించవచ్చు గానీ, నిజాయితీ గల సమీక్ష మళ్ళీ దొరకదు.

"మొన్న లిఫ్టులో కనిపించి, 'మూడో అధ్యాయం విన్నారా అమ్మా' అని అడిగారు," అంది ఇంద్రాణి. "విన్నానని అబద్ధం చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది."

"మా ఆవిడకి ఆ కథ పెడితేనే నిద్ర పడుతుందండీ," అన్నాడు ఇంకొకాయన. "ఇక అలాంటివి ఎవరు రాస్తారు?"

"కథ మంచిగుండె," అంది ఎదురింటి ముసలామె. "గని గిన్నెల ఏం వెట్టిండో చెప్పకపాయె. గిప్పుడు ఎవలను అడగాలె?"

సాంబమూర్తి లేచి గొంతు సవరించుకున్నాడు. "మా బావ దేవుడండీ. ఒక ఈగని కూడా కొట్టి ఎరగడు. నవల్లో కూడా ఎవరినీ కొట్టలేదు. అదే ఇబ్బంది. హత్య లేకుండా మిస్టరీ ఏమిటి బావా అని నేను మొదట్లోనే చెప్పాను. విన్నాడు కాదు."

"హత్య ఎందుకుండాలి?" అని చివరి వరసలోంచి గద్దింపు వినిపించింది.

అందరూ వెనక్కి తిరిగారు. హెల్మెట్ మనిషి నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. "మనిషి ఎందుకు చచ్చాడన్నది పోలీసుల ప్రశ్న! ఎవరో ఊరూపేరూ చెప్పకుండా గిన్నెడు పులిహోర ఎందుకు పెట్టి వెళ్ళారన్నది మనుషుల ప్రశ్న! నాలుగో అధ్యాయంలో అంత వివరంగా రాస్తే ఒక్కడికీ బుర్రకెక్కలేదా?"

"ఎవరండీ మీరు? చావింట్లో ఈ గొడవేమిటి?" అన్నాడు సాంబమూర్తి కోపంగా.

గంగాధరరావు హెల్మెట్ తీశాడు. ఇంద్రాణి కెవ్వుమంది. రెండు కుర్చీలు పడిపోయాయి. జానయ్య ఒక్కడే ఏ ఆశ్చర్యమూ లేకుండా, "సారు ఒచ్చిండు," అన్నాడు.

సాంబమూర్తి పరుగున వచ్చి బావని వాటేసుకుని, భుజాలు తడిమి చూసి, "మరి పోయారని..." అంటూ ఆగిపోయాడు. సెల్లార్‌లోంచి పైకి వచ్చిన ఆండాలు షామియానా చూసి, ఆయన మాట విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "పోయినోళ్ళు మల్ల ఒస్తరని పొద్దుగాల చెప్పలేదా సారు?"

ఆ నవ్వుల మధ్య ఆటో వచ్చి ఆగింది. ప్రసాదం పొట్లంతో దిగిన కుసుమ షామియానా చూసింది, కుర్చీలు చూసింది, తమ్ముడి ఏడుపు మొహం చూసింది. గంగాధరరావు జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆమె ఎదుట నిలబడ్డాడు. ఆమె ప్రసాదం వదిలేసి ఆయన చొక్కా చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"మెట్లు దిగొద్దన్నానా లేదా? గుండె జబ్బు పెట్టుకుని!"

"నాకు గుండె జబ్బేమిటి కుసుమా?"

ఆమె పర్సులోంచి మడిచిన కాగితం తీసింది. మూడు రోజుల కిందట చొక్కా ఉతకబోతే జేబులో దొరికిందట. ఆయన చేతిరాతే: 'ఎకో ఎక్కువగా ఉంది. అలేఖ్య గారు మళ్ళీ తీయాలన్నారు. కుసుమకి ఇప్పుడే చెప్పకూడదు.'

"ఆ అలేఖ్య డాక్టరమ్మ గుండె పరీక్ష మళ్ళీ తీయాలన్నారంటే ఎంత ముదిరిందో కదా," అంది కుసుమ. "పైగా కథలో నా గిన్నె పట్టుకునే ఆయన పోయాడని విన్నాక నాకింకేం మిగిలిందండీ? వెళ్ళొస్తానని నాకు కథలో చెప్తున్నారనుకున్నాను."

"ఎకో గుండెలో కాదు, స్టూడియోలో," అన్నాడు గంగాధరరావు. "గొంతు రెండుసార్లు వినబడుతోందని ఆఖరి అధ్యాయం మళ్ళీ చదివించారు. ఆలస్యమవుతుందంటే నువ్వు దిగులుపడతావని..." కొత్త ముగింపు వినిపిద్దామని జేబులోంచి ఫోన్ తీశాడు. దానిలో చార్జింగ్ అయిపోయింది. నలభై మంది చూస్తున్నారు. పదకొండేళ్ళు తప్పించుకున్న పని ఇక తప్పేట్టు లేదు.

"పోస్టుమాస్టరు చావలేదు కుసుమా," అన్నాడు. "గిన్నె పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. అంతే. ఆ రోజు మీ ఇంటికి వెళ్ళకపోయి ఉంటే నా బతుకులో చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. అది చెబుదామనే ఇంత రాశాను. పేరు అరిగిపోయిన ఆ గిన్నె మీ ఇంటిదని కనుక్కోవడానికి పదిహేడు రోజులు తిరిగాను."

కుసుమ ఆ కాగితం మడిచి మళ్ళీ పర్సులో పెట్టుకుంది. తర్వాత మెల్లగా అంది. "పేరు అరిగిపోలేదండీ. నేనే మేకుతో గీకేశాను."

"నువ్వా?"

"పేరుంటే సాయంత్రానికల్లా తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయేవారు. లేకపోతే ఇల్లిల్లూ తిరుగుతారు కదా, ఎలాంటి మనిషో చూద్దామనుకున్నాను. పదిహేడు రోజులూ అరుగు మీద కూర్చుని చూశాను. మా ఇంటి ముందు నుంచే నాలుగుసార్లు వెళ్ళారు."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"మీరు అడిగారా?"

గంగాధరరావుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పది అధ్యాయాలు రాసి తను తేల్చలేని మిస్టరీని, మూడో పేజీ దాటని మనిషి ఒక్క మాటలో తేల్చేసింది. ఇంతకంటే సంతోషమైన ఓటమి ఆయన ఎరగడు.

"గది సరే గని అమ్మా," అంది ఆండాలు, "గిన్నెల ఏం వెట్టి ఇచ్చిండు?"

ఎదురింటి ముసలామె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"పటికబెల్లం," అంది కుసుమ. "సగం చీమలే."

"అమ్మా, ఉప్మా మంచిగుండె అని చెప్పమన్నడు సారు," అన్నాడు జానయ్య, అప్పజెప్పిన పని పూర్తి చేస్తూ. సాంబమూర్తి ఫ్రీజర్ బాక్స్ వాడిని వెనక్కి తిప్పి పంపడానికి ఫోన్‌లో బతిమాలుతున్నాడు. తెచ్చిన కుర్చీలు వృథా కాకుండా అందరూ కూర్చుని కాఫీలు తాగారు. బాల్కనీ కుర్చీలో చేయాల్సిన పని షామియానా కింద పూర్తయింది. ఆఖరి అధ్యాయాన్ని ఆండాలు అక్కడికక్కడ నోటితో చెప్పింది. కుసుమ ఒక్క నిమిషం కూడా నిద్రపోలేదు.

సోమవారం కొత్త ముగింపు ఛానెల్‌లోకి ఎక్కింది. మంగళవారం పొద్దున్న దాని కింద మొదటి అభిప్రాయం కనిపించింది. రాసింది సాంబమూర్తి: 'పాత ముగింపే బాగుంది. ఆ మనిషికి పోయినప్పుడున్న విలువ వెళ్ళినప్పుడు లేదు.'